ముద్ర లేని గుర్రం

గాజులమ్మే కొండమ్మ పొరుగు రాజ్యంలో గుర్రాన్ని కొని తోలుకొస్తుంటే, పొలిమేర ద్వారం దగ్గర ఠాణాదారు అడ్డుపడ్డాడు.

"మన రాజముద్ర లేని గుర్రం ఈ నేల మీద ఒక్క అడుగు వేయకూడదు. నడిపించినవాడికి కొరడా దెబ్బలే!"

"ముద్ర ఎక్కడ వేస్తారు దొరా?"

"రాజధానిలో."

"నడవకుండా అక్కడిదాకా ఎలా పోతుంది?"

"అది నాకనవసరం. జప్తు చేస్తున్నా. ఒరేయ్, దీన్ని నా లాయానికి తోలండ్రా!"

గుర్రం మీద ఆయన కన్ను పడిందని కొండమ్మకు అర్థమైపోయింది. కళ్లెం భటుడి చేతికిచ్చింది.

"తోలు నాయనా. దెబ్బలు తినేది నువ్వేగా."

భటుడు కళ్లెం వదిలేశాడు. రెండోవాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఠాణాదారు తానే ముందుకొచ్చి, తన కొరడా వైపు చూసుకుని ఆగిపోయాడు.

ద్వారానికి అడ్డంగా గుర్రం. దాని వెనక, ఎండలో మగ్గిపోతూ రాజుగారి మామిడిపళ్ల బళ్లు. ఇక కబురంపక తప్పలేదు.

సాయంత్రానికి ముద్ర వేసేవాడే కుంపటి నెత్తిన పెట్టుకుని రాజధాని నుంచి గుర్రం దగ్గరికి నడిచొచ్చాడు.