నాలిక చచ్చిన చిదంబరయ్య

గవరమ్మ ఇంటిల్లిపాదీ తొక్కి తీసిన ద్రాక్షకల్లు ఆ ఏడే మొదటిసారి బయటికొచ్చింది. తెల్లదొకటి, ఎర్రదొకటి. అమ్మాలంటే, రాజుగారి భోజనం ముందుగా రుచి చూసే చిదంబరయ్య ముద్ర కొట్టాలి. ఆయనేమో రోజూ వచ్చి, తెల్లదో జాడీ, ఎర్రదో జాడీ ఖాళీ చేసి, "రుచి ఇంకా తేలలేదే, రేపు చూద్దాం" అని మూతి తుడుచుకుని పోతాడు. ఇలాగైతే బజారుకి మిగిలేది ఉత్త జాడీలే.

గవరమ్మ రెండిట్లోనూ ఒక్కో జాడీ పట్టుకుని తిన్నగా రాజుగారి కొలువుకెళ్లింది.

"దొరా, చిదంబరయ్యగారికి వైద్యుణ్ణి పిలిపించండి. జాడీలకి జాడీలు తాగినా రుచి తెలీట్లేదంట. పాపం, నాలిక చచ్చిపోయింది. రేపు మీ అన్నంలో విషం కలిసినా ఆయనకేం తెలుస్తుంది?"

రాజు పక్కనే ఉన్న చిదంబరయ్య ఉలిక్కిపడ్డాడు. "నా నాలిక భేషుగ్గా ఉంది! తెల్లది బ్రహ్మాండం, ఎర్రది అమృతం!"

"అయితే ముద్ర కొట్టండి బాబూ."

కొట్టాడు. రాజు రెండూ తాగి చూసి, "నాకూ రుచి తేలట్లేదే గవరమ్మా, ఇంకో లోటా పొయ్యి" అన్నాడు.

ఈ జబ్బేదో బజారంతా పాకితే బాగుండు అనుకుంటూ గవరమ్మ పోసింది.