రబ్బరు చెయ్యి

సువార్త పదికి పది వేసింది. వేయకూడదని తెలిసే వేసింది.

ఆ నర్సింగ్ కాలేజీలో రక్తం తీసే పరీక్షకు విద్యార్థినులే ఒకరికొకరు మార్కులు వేసుకోవాలి. పదికి ఎనిమిదైనా వచ్చినవాళ్ళు సోమవారం నుంచి వార్డుకి, అసలు మనుషుల దగ్గరికి వెళ్తారు. పరీక్ష మాత్రం ల్యాబ్‌లోని రబ్బరు చెయ్యి మీద. ఏళ్ళ తరబడి గుచ్చీ గుచ్చీ దాని మోచేతి మడతలో చిన్న గుంట పడింది. సూది అక్కడ పెడితే చాలు, ఎర్రనీళ్ళు వాటంతటవే వస్తాయి. నాగలత నరం కోసం తడమనే లేదు. తిన్నగా గుంటలో గుచ్చింది.

"మనలో మనకేంటే, వేసెయ్," అంది. ఇద్దరిదీ ఒకే గది. సువార్త వేసేసింది.

ఆ పూట మూడుసార్లు స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నాలుగోసారి లోపలికి వెళ్ళి, "మేడమ్, స్నేహితులకి మార్కులు వేయడం మావల్ల కాదు. మీరే వేయండి," అంది.

రాహేలమ్మగారు ముప్పై ఏళ్ళుగా అక్కడ పాఠం చెబుతున్నారు. మార్కుల కాగితం చూశారు. నాగలతని పిలిపించి, కొత్త సూది చేతికిచ్చి, తన చేతికి పట్టీ బిగించుకుని కూర్చున్నారు.

"పదికి పది తెచ్చుకున్నావటగా. తియ్యి."

"మీకా మేడమ్?"

"ఏం, నాలో రక్తం లేదా?"

ముసలి చెయ్యి. సన్నటి నరాలు, వేలు పెడితే పక్కకి జారిపోయేలా ఉన్నాయి. నాగలత తడమలేదు. సూదిని నేరుగా మోచేతి మడత మీదికి వంచింది. రాహేలమ్మగారు సూదిని చూడటం లేదు. సువార్తనే చూస్తున్నారు.

"ఆగవే!" సువార్త నాగలత మణికట్టు పట్టేసుకుంది.

"ఎందుకు ఆపావమ్మా?"

"నరం ఎక్కడుందో చూడకుండా గుచ్చేస్తోంది మేడమ్."

"అదే కాగితం మీద రాయి," అంటూ ఆవిడ పట్టీ విప్పుకున్నారు.

సువార్త పది కొట్టేసి నాలుగు వేసింది.

"నీ మార్కులూ వద్దు, నీ స్నేహమూ వద్దు," అని నాగలత తన మంచం కిటికీ పక్కకి లాక్కుంది. సోమవారం అందరూ వార్డుకి వెళ్ళారు, ఆమె తప్ప. వారం దాకా మాటల్లేవు.

ఎనిమిదో రోజు సువార్త వెళ్ళి ఆ మంచం మీదే కూర్చుని, చుడీదార్ చెయ్యి పైకి మడిచింది.

"సూది తర్వాత. ముందు తడిమి చూడు."

"నొప్పెడితే అరవకు మరి," అంది నాగలత.

ఆ తర్వాత ఎవరికి మార్కులు వేయాల్సి వచ్చినా సువార్త ముందు తన చెయ్యి చాపేది. చదువు అయ్యేదాకా అది మానలేదు.