లక్క ముద్ర పడని ఆజ్ఞ

పూర్వం సముద్రానికీ కొండలకీ నడుమ భద్రావళి అని ఒక పెద్ద రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధీరవర్మకు తన బిరుదులు తానే వింటూ మురిసిపోవడం అలవాటు. చుట్టూ ఉన్న ఏడు చిన్న దేశాలూ తన గొడుగు నీడన బతుకుతున్నాయని ఆయన నమ్మకం.

ఆ ఏడింటిలో ఒకటి మన్నెంకోట, అడవి దేశం. అక్కడ ఉప్పు పండదు. భద్రావళి ఉప్పుబండ్లు కనుమ దాటి వెళితేనే వాళ్ల కూటికి రుచి. ఒకసారి మన్నెంవాళ్లు రాజును అడగకుండా దక్షిణపు రేవు వర్తకుల దగ్గర బట్టలు కొన్నారు. ఆ సంగతి చెవిన పడగానే రాజు కనుమ మూయించాడు. పైగా మీ రక్షణ కోసమేనంటూ వాళ్ల కోటలో మూడు వందల మంది భటులను దింపాడు. ఆ భటుల్ని మేపడమూ మన్నెంవాళ్ల పనే.

రాజు ఆస్థానంలో ముమ్మన అనే మాటకారి ఉండేవాడు. అతని చెల్లెలిని మన్నెంకోటకే ఇచ్చారు. నెల తిరిగేసరికి ఆమె దగ్గర నుంచి కబురు వచ్చింది. పశువులు ఉప్పు కోసం గోడలు నాకుతున్నాయట, పిల్లలు చప్పిడి గంజి చూసి మొహం తిప్పుకుంటున్నారట. మన్నెం రాయబారి, ముసలి బోడన్నదొర, పన్నెండు రోజులుగా కోటవాకిట ఎండలో పడిగాపులు పడుతున్నాడు. ఆయన పక్కనుంచే తాను రోజూ రాజును నవ్వించడానికి లోపలికి వెళుతున్నానని తలచుకుంటే ముమ్మనకు సిగ్గేసింది.

మర్నాడు సభలో, దొరను లోపలికి పిలిపించమని ముమ్మన అడిగాడు. రాజు విసుక్కున్నాడు. వాళ్లకు మనం కావాలి గానీ మనకు వాళ్లెందుకన్నాడు.

"అయితే ఆ మాటే శాసనం చేయండి, ప్రభూ. మన్నెంలో పుట్టిన వస్తువు ఏదీ ఈ కోటలో ఉండరాదని. అమలు నాకు అప్పగించండి," అన్నాడు ముమ్మన.

రాజు పొంగిపోయి అక్కడికక్కడే ముద్ర వేశాడు. మూడో నాడు తక్కిన ఆరు దేశాల రాయబారులు రక్షణ ఒప్పందానికి వస్తున్నారు. వాళ్ల ముందు ఈ శాసనం చదివిస్తే అందరికీ బుద్ధొస్తుందనుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. రాజు సభకు వచ్చేసరికి సింహాసనం లేదు. అది మన్నెం చందనం. గొడుగూ లేదు, దాని కర్ర మన్నెం వెదురు. రాజు పళ్లు కొరుకుతూ రాతి అరుగు మీదే కూర్చుని కిరీటం పెట్టుకున్నాడు. అది జారి ముక్కు దాకా దిగింది. లోపల కుట్టిన మెత్తటి ఉన్ని మన్నెం గొర్రెలది. ముమ్మన దాన్ని ముందే విప్పించేశాడు.

రాయబారులు నవ్వు ఆపుకోలేక ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"వీణ్ణి దేశం వెళ్లగొట్టండి. ఇప్పుడే ఆజ్ఞ రాయండి," అన్నాడు రాజు కిరీటం కింద నుంచే.

రాయసగాడు రాశాడు. ముద్ర వేయబోయి చేయి ఆపాడు. కోటలో లక్క లేదు. లక్క దొరికేది మన్నెం అడవుల్లోనే.

ముమ్మన గొంతులో రోజూ ఉండే వేళాకోళం ఆనాడు లేదు. "ముద్ర తమది, లక్క వాళ్లది. కనుమ మూసిన ఆజ్ఞ కూడా వాళ్ల లక్కతోనే వేశారు. తమను నమ్మి అమ్మిన దానితోనే తమరు వాళ్ల నోట మట్టి కొట్టారు. నన్ను వెళ్లగొట్టాలన్నా ముందు ఆ వాకిట్లో నిలబడ్డ ముసలాయన్ని అడగాలి."

రాజు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని, ముద్ర పడని ఆజ్ఞ వంక చూశాడు. మూతి బిగించాడు. ఆపుకోలేకపోయాడు. పొట్ట కదిలేలా నవ్వి, దొరను పిలిపించి తన పక్కనే కూర్చోబెట్టాడు. పాత శాసనం రద్దయింది. కనుమ తెరవాలనీ భటులు వెనక్కి రావాలనీ కొత్త ఆజ్ఞ రాశారు. దొర కానుకగా తెచ్చి పదిహేను రోజులు చంకలో మోసిన మూటలోంచి ఇంత లక్క తీసి ఇచ్చాడు.

రాజు ముమ్మనకు గండపెండేరం తొడగబోయాడు. ముమ్మన కాలు వెనక్కి తీసుకుని, మొదటి ఉప్పుబండి తోలే పని ఇప్పించమన్నాడు. రాజు మళ్లీ నవ్వి సరేనన్నాడు. ముమ్మన నవ్వలేదు.

కనుమ అవతల మొదటి ఊళ్లో ఒక ముసలమ్మ బండికి ఎదురొచ్చింది. చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుని అడిగింది. "ఇన్నాళ్లూ మీ దేశంలోనూ ఉప్పు పండలేదా అయ్యా?"

ఎంతటి రాజుకైనా ఠక్కున బదులు చెప్పే ముమ్మన, తల వంచుకుని ఆమె కొంగు నిండా ఉప్పు పోశాడు.