ఏడో మెట్టు మీది తోడల్లుడు

మేఘవరం రాజ్యాన్ని భుజబలరాయలు ఏలిన రోజుల్లో అక్కడ పాడికీ పంటకూ కొదవ లేదు, శత్రుభయం అంతకన్నా లేదు. అయినా రాజుగారికి మనశ్శాంతి ఉండేది కాదు. ఏటికి అవతల సువర్ణకూటాన్ని ఏలే జయంతసేనుడు ఆయనకు స్వయానా తోడల్లుడు కావడమే అందుకు కారణం.

పరాయివాడు గొప్పవాడైతే ఎలాగో ఓర్చుకోవచ్చు. తోడల్లుడు గొప్పవాడైతే ఓర్చుకోవడం కష్టం. మహారాణి తన చెల్లెలి ఊసెత్తినా, ఎవరైనా వర్తకుడు వచ్చి సువర్ణకూటంలో వీధులు బాగున్నాయన్నా రాయలకు ఆ పూట అన్నం సహించేది కాదు.

ఈ సంగతిని అందరికన్నా ముందు పసిగట్టినవాడు దివాకర సోమయాజి. దేశదేశాల జనుల తీరుతెన్నులు పరిశీలించానని చెప్పుకునే పండితుడాయన. ఏడాదిలో సగం మేఘవరంలో ఉండేవాడు, తక్కిన సగం దేశాటన అనేవాడు. ఒకనాడు కొలువులో ఆయన తన సిద్ధాంతం వినిపించాడు. లోకంలో సమాజాలన్నీ ఒకే మెట్లదారిన పైకెక్కుతాయట. అడుగున ఉన్నది అనాగరికం, చిట్టచివర ఉన్నది నవనాగరికం. కొందరు ముందు ఎక్కుతారు, కొందరు వెనకబడతారు, అంతే తేడా.

"మరి మేం ఏ మెట్టు మీద ఉన్నాం?" అని రాజు అడిగాడు.

సోమయాజి కాసేపు నసిగి, మూడో మెట్టు అన్నాడు.

"సువర్ణకూటం?"

"ఏడోది, ప్రభూ."

రాజు ముఖం మాడిపోయింది. పైకెక్కే ఉపాయం చెప్పమన్నాడు. సోమయాజి అదీ చెప్పాడు. సువర్ణకూటంలో ఇళ్ల ముందు అరుగులు ఉండవు. జనం గంట కొడితే లేస్తారు, గంట కొడితే పనిలోకి పోతారు, దారిలో ఒకరినొకరు పలకరించుకోరు. ఇక్కడేమో ప్రతి ఇంటికీ అరుగు, అరుగు మీద నలుగురు, ఆ నలుగురికీ ఊళ్లోవాళ్ల కబుర్లే. అరుగులు ఉన్నంతకాలం మేఘవరం బాగుపడదని ఆయన తేల్చేశాడు.

కొలువులో కొమ్మన అనే రాయబారి ఉండేవాడు. నాలుగు దేశాల నీళ్లు తాగినవాడు, మాటకారి. ఆయన లేచి, "సోమయాజిగారూ, అందరూ ఒకే మెట్లు ఎక్కాలంటే అందరి ఇళ్లూ ఒకే కొండ మీద ఉండాలి కదండీ?" అన్నాడు.

"మూడో మెట్టువాడిలా మాట్లాడకు, కూర్చో," అని రాజు కసిరాడు.

ఆ రోజు నుంచి కొలువుకు మెట్ల జబ్బు పట్టుకుంది. సేనాపతి ఇంకా రెండో మెట్టు దాటలేదని మంత్రి అంటే, మంత్రికి అసలు మెట్టే లేదని సేనాపతి అనేవాడు.

అరుగులన్నీ పడగొట్టమని రాజాజ్ఞ అయింది. మర్నాడు తెల్లారేసరికి గాజులవీధిలోకి గునపాలు వచ్చాయి. కొమ్మన అటుగా వెళ్లేసరికి నరసమ్మ అనే ఆవిడ కూలిన మట్టిలోంచి పగలని గాజులు ఏరుకుంటోంది. భర్త పోయినప్పటి నుంచీ ఆ అరుగు మీదే గాజులమలారం పెట్టుకుని, అమ్ముకుంటూ పిల్లల్ని పెంచుకొచ్చిన మనిషి.

"దారిన పోయే ఆడపిల్లలు అరుగు మీద గాజులు చూసి ఆగేవాళ్లు నాయనా," అంది ఆవిడ. "నడవాలోకి ఎవరొస్తారు? ఆ మెట్లేవో ఎక్కేవాళ్లు ఎక్కండి. మధ్యలో నా అరుగేం చేసింది?"

కొమ్మన వంగి, మట్టిలో మిగిలిన గాజులు ఆవిడతో పాటు ఏరిపెట్టి వచ్చేశాడు.

దసరా దగ్గరపడింది. అరుగులు లేని వీధులు తోడల్లుడికి చూపించాలని రాజుగారికి ఉబలాటం పుట్టింది. పిలుపు అందజేయమని కొమ్మననే పంపాడు.

సువర్ణకూటంలో అడుగుపెట్టిన కొమ్మన నిలబడిపోయాడు. ఏ వీధిలో చూసినా తాపీవాళ్లు కొత్త అరుగులు కడుతున్నారు. ఒక అరుగు మీద ఒక సాలెవాడూ అతని పొరుగింటాయనా పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. ఎదురుగా ఒక భటుడు నిలబడ్డాడు.

ఏం చేస్తున్నారని కొమ్మన అడిగాడు.

"కబుర్లు చెప్పుకుంటున్నాం బాబూ," అన్నాడు సాలెవాడు దిగులుగా. "రాజాజ్ఞ. గంట కొట్టేదాకా చెప్పుకోవాలి. మాకున్న కబుర్లు నిన్ననే అయిపోయాయి. అక్కడ మగ్గం మీద చీర అలాగే ఉండిపోయింది."

జయంతసేనుడు పిలుపు అందుకుని, మర్యాదలు చేసి, చివరికి మనసులో మాట బయటపెట్టాడు. భుజబలరాయలు వీధిలోకి వస్తే జనం అరుగుల మీంచి లేచి నిలబడి యోగక్షేమాలు అడుగుతారట. ఇక్కడ తాను ఏనుగెక్కి వెళ్లినా ఎవరూ తలెత్తి చూడరు. మేఘవరం ఏడో మెట్టు మీద ఉందనీ, సువర్ణకూటం ఇంకా మూడో మెట్టు మీదే ఉందనీ విన్నప్పటి నుంచి తనకు మనసు మనసులో లేదన్నాడు.

ఎవరు చెప్పారని కొమ్మన మెల్లగా అడిగాడు.

"ఏటా మా దగ్గరికి వచ్చే పండితుడు. దివాకర సోమయాజి."

కొమ్మన సెలవు తీసుకున్నాడు.

దసరానాడు మేఘవరం కొలువులో ఇద్దరు రాజులూ పక్కపక్కన ఆసీనులయ్యారు. జయంతసేనుణ్ణి చూడగానే సోమయాజికి తలనొప్పి వచ్చింది. ఇంటికి పోబోతుంటే కొమ్మన ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. తరువాత సభ మధ్యకు వచ్చి నమస్కరించాడు.

"పండితవర్యా, ఇద్దరు ప్రభువులూ ఇక్కడే ఉన్నారు. వీరి రాజ్యాల్లో ఏది పై మెట్టు మీద ఉందో ఈ సభలో సెలవివ్వండి."

రాజులిద్దరూ ముందుకు వంగారు. సోమయాజి ఈయన ముఖం చూశాడు, ఆయన ముఖం చూశాడు. ఎవరి పేరు చెప్పినా రెండోవారి చేతిలో తన పని అయిపోతుంది. ఉత్తరీయంతో చెమట తుడుచుకున్నాడు. చివరికి కళ్లు మూసుకుని, ఒక సమాజాన్ని మరో సమాజంతో తూచడం తగదనీ, ఏ నేల తీరు ఆ నేలదే, ఏ జనం దారి ఆ జనానిదే అనీ అన్నాడు.

కొమ్మన వంగి దణ్ణం పెట్టాడు. "ఎంత బాగా చెప్పారండీ. ఈ ముక్క మొదట్లోనే చెప్పి ఉంటే, ఇక్కడ గాజులమ్మే ఆవిడ అరుగు నిలబడేది, అక్కడ సాలెవాడు మగ్గం ముందు కూర్చునేవాడు."

ఆ మాటకు అర్థమేమిటని రాజులు అడిగారు. కొమ్మన తాను చూసిందీ విన్నదీ ఉన్నదున్నట్టు చెప్పాడు. భుజబలరాయలు కోపంతో లేవబోయాడు.

"ఆయన నిప్పు పెట్టలేదు ప్రభూ," అన్నాడు కొమ్మన. "ఉన్న నిప్పును ఊదాడు."

రాయలు మళ్లీ కూర్చున్నాడు. తోడల్లుడి వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "తమ్ముడూ, నువ్వు నన్ను చూసి కుళ్లుకున్నావా?"

జయంతసేనుడు తల దించుకున్నాడు. "ఏం దాచను అన్నగారూ. మీ మరదలు మిమ్మల్ని మెచ్చుకుందని మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు."

అంత తీయటి మాట భుజబలరాయలు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మొదట పెదవి బిగించాడు, ఆగలేదు. పొట్ట చేత్తో పట్టుకుని, కళ్ల నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. జయంతసేనుడికీ నవ్వు అంటుకుంది. ఇక్కడ పడగొట్టిన అరుగులు రాయలే కట్టించి ఇవ్వాలనీ, అక్కడ సాలెవాళ్లను మగ్గాల దగ్గరికి పంపించేయాలనీ అక్కడికక్కడే నిర్ణయించుకున్నారు.

సోమయాజిని ఏం చేయాలన్న మాట వచ్చింది. ఉత్తరాన ఉన్న కొండరాజ్యానికి తరిమేయమన్నాడు రాయలు.

"వద్దు ప్రభూ," అన్నాడు కొమ్మన. "ఆ రాజుకూ ఒక తోడల్లుడు ఉన్నాడు."

సభంతా గొల్లుమంది. భుజబలరాయలు నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి కొమ్మన మెడలో వేశాడు. అది చూసి జయంతసేనుడు రెండు చేతుల కంకణాలూ తీసి ఇచ్చాడు. రాయలు ఓరకంట చూసి, లాయంలోంచి తెల్లగుర్రాన్ని తెప్పించాడు. జయంతసేనుడు గుర్రంతో పాటు రథం కూడా ఇస్తానన్నాడు. కొమ్మన మాత్రం ఇద్దరిలో ఎవరినీ వారించలేదు.