బోసి దేవగన్నేరు

తోట చేతికొచ్చిన నాటినుంచి శరభయ్యకు కుదురు లేదు.

"ఏడాది పొడుగునా శివయ్యకి మన తోట పువ్వే పెడతాను" అని మొక్కుకుని, గురువుగారు విరూపాక్షయ్యస్వామిని అడిగి మరీ ఆశ్రమం తోట సేవ పుచ్చుకున్నాడు. ఇంకేముంది! మల్లె పూత అయిపోయిందా, పీకి వెనక మూలకి. చామంతి విచ్చిందా, తవ్వి వాకిట్లోకి. నందివర్ధనం చోటు మీద చోటు మారింది. ఎక్కడా వేరు పట్టలేదు.

"మన ఆశ్రమంలో మొక్కలకి కాళ్లొచ్చాయమ్మా! పొద్దున చూసింది సాయంత్రం ఉండదు" అనేది వంటశాలలో సుభద్రమ్మ. వింటున్న మీరు నవ్వుతున్నారు గానీ నాయనా, కుదురు లేకపోవడంలో మనం మాత్రం తక్కువా?

మాఘమాసంలో ఒకనాటి పొద్దున తోటంతా వెతికినా ఒక్క పువ్వు దొరకలేదు. పూజలో గురువుగారు పువ్వుకి బదులు అక్షతలు చల్లి, హారతిచ్చి లేచారు. ఆ అక్షతలే శరభయ్యకి ముళ్లలా గుచ్చుకున్నాయి. అయిపోయింది, తోట సేవ ఇంకొకరికి ఇచ్చేస్తారు!

పలుగు పుచ్చుకుని బయటికి ఉరికాడు. ఎదురుగా దేవగన్నేరు. ఆకు లేదు, మొగ్గ లేదు. ముందు దీన్నే తీసెయ్యాలనుకున్నాడు.

అంతలో గురువుగారు చాప చంకన పెట్టుకుని వచ్చారు. పొన్నచెట్టు కింద నిలబడి, "అబ్బ, చలిరా!" అన్నారు. వంటశాల పంచలోకి వెళ్లారు. అక్కడా నీడే. చివరికి దేవగన్నేరు కింద చాప పరుచుకున్నారు. బోసికొమ్మల్లోంచి ఎండ చాపనిండా పడింది.

"స్వామీ, కాస్త జరగండి. చెట్టు తీసేస్తున్నాను."

"తీద్దువుగాని. నీ తోటలో నువ్వెప్పుడైనా కూర్చున్నావురా?"

"కూర్చోవడానికి తీరికేదీ స్వామీ!"

గురువుగారు ఓ పక్కకి జరిగి, చాప మీద చేత్తో తట్టారు.

శరభయ్య పలుగు వదలకుండానే కూర్చున్నాడు. తెల్లారకముందు నుంచీ బురదలో నానిన పాదాలకి ఎండ తగిలింది. వీపు మీదికి పాకింది. పలుగు ఎప్పుడు పక్కన పెట్టాడో అతనికే తెలియదు.

కాసేపటికి ఉలిక్కిపడి లేవబోయాడు.

"స్వామీ, తోట నాకే ఉంచుతారా? ఉంచితే... ఈ చెట్టు కింద ఏం నాటమంటారు?"

గురువుగారు అతని భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టారు.

"నిన్ను. ఇక కదలకు."