ఎర్ర కూజా మీది పిట్ట

ఇటు జరిగి పడుకో చిన్నీ. పొద్దుట్నుంచీ చాకిరీతో నా నడుం విరిగిపోయింది. ఒక్క కథే చెప్తాను, ఇంకోటి అడిగావంటే వీపు చిట్లిపోతుంది!

అనగనగా, ఓడలొచ్చే ఒక ఊళ్ళో కూర్మయ్య అని గొడుగులు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఆయన పెళ్ళాం పేరు గవరమ్మ. ఆ ఊళ్ళో దొరలు వదిలేసి పోయిన బంగళాలు ఉండేవి. వాటిలో సామానంతా ఒక్కొక్కటీ వేలంపాటలో అమ్మేసేవారు.

అప్పుడు కూర్మయ్యకి ఒక పిచ్చి పట్టుకుంది. ఏం పిచ్చో తెలుసా? రంగుగాజు పూలకూజాల పిచ్చి! విక్టోరియా రాణి కాలంలో సీమ నుంచి ఓడెక్కి వచ్చినవి. నీలంవి, ఆకుపచ్చవి, దానిమ్మ గింజల్లాంటి ఎర్రవి. అవి జతలుగా చేసేవారట. జత పోయి ఒంటిగా మిగిలినవి ఎవరికీ అక్కర్లేదు, అవే ఈయనకి దక్కేవి. మరి అవన్నీ తుడవడం ఎవరి పని? గవరమ్మదే. తుడిచీ తుడిచీ ఆవిడ చేతులు పడిపోయేవి పాపం.

ఒకరోజు ఒక ఎర్ర కూజా తెచ్చాడు. దాని మీద తెల్లరంగుతో ఉబ్బెత్తుగా ఒక పిట్ట, కుడివైపు చూస్తూ ఉంది. "దీని జత దొరికితే చాలే గవరా, ఇంక గడప దాటను. నీ దగ్గరే కూర్చుంటా" అన్నాడు. ఆ పిచ్చిది నమ్మేసింది.

ఆ తర్వాత ఏడాదికి ఇంకో బంగళా వేలంలో ఎర్ర కూజా కనిపించింది. ఆత్రంగా చేతిలోకి తీసుకున్నాడు. దాని పిట్ట ఎడమవైపు చూస్తోంది. "ఛ, ఇది కాదు" అని కింద పెట్టేసి వచ్చాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, పక్క ఊళ్ళో ఎవరో ఎర్ర కూజాలో గరిటెలు పెట్టుకుంటున్నారని విన్నాడు. జ్వరంతో ఉన్న గవరమ్మని వదిలేసి పరిగెత్తాడు. తీరా చూస్తే అదే కూజా, అదే ఎడమవైపు పిట్ట! ఉత్తచేతులతో తిరిగొచ్చి, పిట్ట ఎడమవైపు చూస్తోందని గవరమ్మతో విసుక్కున్నాడు.

"నా పెళ్ళిచీర అంచు మీద చిలకలు ఎదురెదురుగానే ఉంటాయి కదయ్యా. ఇవీ అంతేనేమో" అని గవరమ్మ మూలుగుతూనే అంది.

"నీకేం తెలుసే! జతంటే అచ్చుగుద్దినట్టుండాలి" అని కసిరేసి, అటు తిరిగి కూజా ముందు కూర్చున్నాడు.

అప్పుడు ముసలితనం వచ్చింది. కూర్మయ్యకి రెండు కళ్ళూ పోయాయి. ఇంక చూపు రాదని డాక్టరు చెప్పేశాడు. అయినా జత, జత అని అదే కలవరింత.

ఒకనాటి పొద్దున్న వీధిలోకి పాతసామాన్ల బండి వచ్చింది. అందులో అంచు పెచ్చులూడిన ఎర్ర కూజా, దాని మీద ఎడమవైపు పిట్ట. గవరమ్మ నాలుగు నీలం కూజాలు బండివాడికిచ్చి దాన్ని తీసుకుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి, మొగుడి వేళ్ళు పిట్టల మీద ఆనించింది.

ఆయన తడిమాడు. ఈ ముక్కు, ఆ ముక్కు. మళ్ళీ తడిమాడు.

"ఏమే, ఇవి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయే!" అన్నాడు. "రెండుసార్లు చేతికొస్తే వదిలేశానే!" అని భోరుమన్నాడు.

"చెప్పానయ్యా. నువ్వు నా వైపు తిరిగితేగా?" అంది గవరమ్మ. కోపంగా అనలేదు చిన్నీ, కోప్పడ్డానిక్కూడా ఓపిక లేదు ఆవిడకి.

అప్పుడు కూర్మయ్య కూజాలు వదిలేసి ఇటు తిరిగాడు. గాల్లో చేతులు ఆడించాడు. "నువ్వెటున్నావే గవరా?" అన్నాడు.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని తన చెంప మీద పెట్టుకుంది. "ఇదిగో, నీకెదురుగానే ఉన్నాను. ఎప్పుడూ ఇక్కడే ఉన్నాను" అంది.

ఏడుస్తున్నావేంటే పిచ్చిమొద్దూ? కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగి పడుకో, నా వైపు.

అటు పిట్ట ఇటు చూసింది, ఇటు పిట్ట అటు చూసింది,
కథేమో కంచికి పోయింది, కునుకేమో కంటికి వచ్చింది.