అవ్వ ముడి

అనగనగా ఒక వంక. వంక ఒడ్డున ఒక ఊరు. ఊరి చివర ఒక బడి. ఏలిన రాజెవరో, ఎన్ని తరాల కిందటి మాటో నన్నడక్కండి. ఆ వంకలో ఏడాది పొడుగునా ఇసుకే గానీ నీళ్ళుండేవి కావని మాత్రం గుర్తుంచుకోండి. మీరు ఊఁ కొడుతుంటే నేను చెబుతుంటాను. ఊఁ కొట్టడం మానారో, కథ ఆ వంకలోనే పడి కొట్టుకుపోతుంది.

ఆ బడిలో సుంకులవ్వ అని ఒక ముసలమ్మ పని చేసేది. బడి ఊడ్చేది. పిల్లలకు తాగే నీళ్ళు మోసేది. పని లేనప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని కిత్తనార పేనుతూ తాళ్ళు చేసేది. ఆమెకు నా అన్నది ఒక్కతే మనవరాలు, చెన్నక్క. అందరికీ చెన్ని. తల్లీ తండ్రీ లేని పిల్ల. అదే బడిలో చదువుకునేది.

సుంకులవ్వకు భయం ఎక్కువ. ఎక్కువంటే అంతా ఇంతా కాదు. పిల్లి దూకితే పులి అనుకునేది, కుండ దొర్లితే పిడుగనుకునేది. ఊరంతా ఆమెను బెదురవ్వ అని పిలిచేవాళ్ళు. నవ్వేవాళ్ళను నేను తప్పు పట్టను. తనకు కనబడని దయ్యానికి పక్కవాడు వణుకుతుంటే ఎవరికైనా నవ్వే వస్తుంది.

బడి అయ్యవారి పేరు రుద్రప్ప. మంచి మనిషి. వల్లె వేయించిన చదువు గొంతు దాకానే దిగుతుందని, చేత్తో చేయించిన చదువు కడుపులోకి దిగుతుందని ఆయన నమ్మకం. అందుకే ఆయన పిల్లలు ఓటికుండల్లో అలసందలు మొలకెత్తించేవాళ్ళు. చింతపిక్కలతో లెక్కలు చేసేవాళ్ళు. గోడ నీడ చూసి పొద్దు చెప్పేవాళ్ళు. ఇవి కాక ఏడాదికి మూడు పెద్ద పాఠాలు బడి బయట జరిగేవి. వానలకు కొండ మీద ఆకుల పాఠం. చలికి చెరువు దగ్గర మట్టి పాఠం. ఎండలకు వంకలో ఇసుక పాఠం.

ఆ ఏడాది వానలు పడ్డాయి. కొండ పచ్చబడింది.

"రేపు ఆకుల పాఠం!" అన్నాడు అయ్యవారు.

పిల్లలు గంతులేశారు. అవ్వకు భయం వేసింది. పైపైన వేసే భయం కాదు. అరికాళ్ళలో మొదలై గుండెకెక్కే భయం.

తెల్లారి అవ్వ ఒక పొడుగాటి తాడు భుజాన వేసుకొచ్చింది. తాడు నిండా ముడులు. ఒక్కో ముడికి చిన్న చెయ్యి దూరేంత ఉచ్చు.

"ఇదేందవ్వా?" అన్నాడు అయ్యవారు.

"పిల్లోళ్ళు పట్టుకునేదానికి సామీ. తలకొక ముడి."

"ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుస్తారులే. తాడెందుకు?"

"చెయ్యి జారుతాది సామీ. ముడి జారదు."

ఆ మాట అంటున్నప్పుడు అవ్వ పెదవులు తెల్లగా పాలిపోయాయి. అయ్యవారు అది చూసి ఇంకేమీ వాదించలేదు. తాడు అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసి, "మరి నీ ముడేదవ్వా?" అన్నాడు.

"నాకెందుకు సామీ? నేను ఎనకాల తోక పట్టుకుంటా."

అట్లా అయ్యవారు ముందు, పిల్లలు మధ్యలో, అవ్వ వెనక కొండెక్కారు. సగం దారిలో మంచు దిగింది. ముందున్న వాడి వీపు వెనకున్న వాడికి కనబడలేదు. పొదల్లో ఏదో కదిలింది. కాసేపు వీళ్ళ వెంటే నడిచింది. వీళ్ళు ఆగితే అదీ ఆగింది. పిల్లలు మాట్లాడలేదు, ముడులు వదల్లేదు. మంచు తేలిపోయింది. ఆకులు కోసుకుని దిగొచ్చి, ఏ ఆకు ఏ చెట్టుదో చెబుతూ బడి గోడకు బంకతో అంటించారు.

"చూసినావా బెదురవ్వా? ఏమీ కాల్యా!" అని ఊరు నవ్వింది.

"కాల్యా నాయనా," అని అవ్వ ఊపిరి వదిలింది. ఏమీ కాకపోవడమే కదా ఆమెకు కావలసింది.

చలికాలం వచ్చింది. "రేపు మట్టి పాఠం!" అన్నాడు అయ్యవారు. పిల్లలు గంతులేశారు. అవ్వకు భయం వేసింది. పైపైన వేసే భయం కాదు. అరికాళ్ళలో మొదలై గుండెకెక్కే భయం.

మళ్ళీ తాడు. మళ్ళీ ముడులు. అయ్యవారు ముందు, పిల్లలు మధ్యలో, అవ్వ వెనక. చెరువు అంచున మట్టి తవ్వుతుంటే ఒక పిల్లకు కాలి కింద నేల మెత్తబడింది. మోకాలు దిగింది. తొడ దిగింది. కెవ్వుమంది. ముడిలో చెయ్యి ఉంది గనక అందరూ కలిసి లాగారు. వచ్చేసింది. ఆ మట్టితోనే ఎద్దులు, బండ్లు, గురుగులు చేసి అరుగు మీద ఆరబెట్టారు.

"బురదలో ఎవురి కాలు దిగదవ్వా? ఈ మాత్రానికి మోకు కావల్నా?" అని ఊరు నవ్వింది. అయ్యవారు మాత్రం ఆ సాయంత్రం అవ్వ పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, నీకింత భయం యాడిది?"

అవ్వ నార పేనడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"నాకొక తమ్ముడుండె సామీ. తిమ్మన్న. నా చెయ్యి పట్టుకుని వంక దాటుతాండె. పైన మబ్బు తునకైనా లేదు. యాడ్నుంచి వచ్చిందో నీళ్ళు వచ్చె. గట్టిగానే పట్టుకున్యా సామీ. జారిపాయ."

అయ్యవారు పక్కనున్న నార పోగు తీసి ఆమెకు అందించాడు. పొద్దు గూకాక లేచి వెళ్ళిపోయాడు. పాపం, ఆయన ఆ మాట విన్నాడే గానీ, అది తన ఇసుక పాఠానికి కూడా తగులుతుందని అనుకోలేదు. ఎప్పటి వంకో, ఎప్పటి నీళ్ళో అనుకున్నాడు. విని మరిచిపోవడంలో మనమంతా ఆయనకు అన్నదమ్ములమే.

ఎండాకాలం వచ్చింది. అన్నిటికన్నా పెద్ద పాఠం ఇదే. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వంక ఇసుకలో పిల్లలు అక్షరాలు దిద్దుతారు. ఒక్కోటి మనిషి పడుకునేంత అక్షరం. తల్లులు, తండ్రులు గట్టు మీద నిలబడి చూస్తారు. చదువు రానివాళ్ళు కూడా తమ బిడ్డ రాసింది ఏదో అడిగి తెలుసుకుని మురిసిపోతారు.

"రేపు ఇసుక పాఠం!" అన్నాడు అయ్యవారు. ఈసారి అవ్వకు వేసిన భయం ఎంతో నేను చెప్పను, మీకు తెలుసు.

ఆ సందెకాడ చెన్ని అన్నం ముందు మొహం ముడుచుకుని కూర్చుంది.

"అవ్వా, రేపు తాడు తేవాకు."

"ఏమే?"

"అందరూ నన్ను బెదురుపిల్ల అంటాండారు. నగుతాండారు. నీళ్ళే లేని వంకలో తాడేందే? తెచ్చినావంటే నేను బడికే పోను."

అవ్వ తాడు వైపు చూసింది. పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి ఓడిపోయింది.

"తేనులే తల్లీ. తిను."

తెల్లారి అవ్వ ఉత్త చేతులతో వచ్చి గట్టు మీద కూర్చుంది. ఎండ మండిపోతోంది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పిల్లలు ఇసుకలో మోకాళ్ళ మీద పాకుతూ దిద్దుతున్నారు. ఇవతలి గట్టు దగ్గర ఆఖరి అక్షరం బండి ఱ. నిలువు గోడలా ఉండి ఎక్కడానికి వీల్లేని అవతలి గట్టు దగ్గర మొదటి అక్షరం అ. అది చెన్నికి వచ్చింది.

అవ్వ చేతులకు పేనడానికి నార లేదు. గడ్డిపోచ పీకి పేనింది. తెగింది. కొంగు అంచు పేనింది. చిరిగింది. ఇక కూర్చోలేకపోయింది. నవ్వితే నవ్వనీ, పిల్ల అలిగితే అలగనీ అనుకుని లేచి ఇంటికి పరుగెత్తింది. తాడు భుజాన వేసుకుని మళ్ళీ పరుగెత్తుకొచ్చింది. ఒక కొస గట్టు మీది కానుగ చెట్టుకు కట్టింది. మిగతాది ఈడ్చుకుంటూ వంకలోకి దిగింది.

గట్టంతా ఒక్కసారి నవ్వింది.

"ఇసుకలో మునుగుతారా అవ్వా?" అని ఎవరో అరిచారు.

అవ్వ నేరుగా అయ్యవారి దగ్గరికి పోయింది. "నాకు భయమైతాంది సామీ. నాకు తెలివి లేదు, తిక్కదాన్నే అనుకో. నా కోసరమైనా పట్టించు."

అయ్యవారు ఆమె మొహం చూశాడు. చూసి, "పిల్లలూ, ముడులు పట్టుకోండి. తాడు పట్టుకునే వరసగా నడుస్తూ అక్షరాలన్నీ చదువుదాం," అన్నాడు.

గొణుక్కుంటూ పట్టుకున్నారు. అయ్యవారు ముందు, పిల్లలు మధ్యలో, అవ్వ వెనక. అందరి ముడుల్లో చేతులున్నాయి. చివరి ముడి ఒక్కటే ఖాళీ. చెన్ని అవతలి గట్టు దగ్గర తన అక్షరం మీదే వీపు తిప్పుకుని నిలబడింది. రాలేదు.

అ, ఆ, ఇ, ఈ అని చదువుతూ వంక నడిమికి వచ్చారు. అప్పుడు ఎగువ నుంచి సన్నగా, నాలుకలాగా, ఒక నీటి పాయ వచ్చింది. ముందు ఎండుటాకులు, పుల్లలు, నురుగు తోసుకుంటూ వచ్చింది. వచ్చి క అక్షరంలోకి దూరింది. ఆ గీతల్లో చక్కగా పారింది. తర్వాత గ లోకి. తర్వాత చ లోకి.

"మన అచ్చరాల్లోకి నీళ్ళొచ్చినాయ్!" అని పిల్లలు చప్పట్లు కొట్టబోయారు. గట్టు మీద తల్లులు కూడా ముచ్చటపడ్డారు. ఒక్క అవ్వ మాత్రం ఎగువకు చూసింది. ఎక్కడో కొండల అవతల ఎవరికీ కనబడకుండా వాన కురిసింది. ఇక్కడి ఆకాశం ఇంకా కడిగిన పళ్ళెంలాగే ఉంది.

"లాగండి!" అని అవ్వ అరిచింది. ఆ అరుపు అంతకు ముందు ఊళ్ళో ఎవరూ వినలేదు. అప్పుడే వంక మలుపులో బండలు దొర్లుతున్న చప్పుడు మొదలైంది.

గట్టు మీది తండ్రులు తాడందుకుని లాగారు. అయ్యవారు పిల్లలను గట్టు వైపు తరిమాడు. అవ్వ తాడు తోక పట్టుకుని వెనక్కి, చెన్ని వైపుకు పరుగెత్తింది. "చెన్నీ, రాయే! రాయే తల్లీ!" చెన్ని అలక మరిచి పరుగెత్తుకొచ్చింది. మడమల దాకా ఉన్న నీళ్ళు నాలుగడుగుల్లో మోకాళ్ళకు వచ్చాయి. అవ్వ ఆ పిల్ల చేతిని చివరి ముడిలో దూర్చి, మణికట్టుకు ఒక మెలిక వేసింది.

"అవ్వా, భయమైతాంది!"

"నాకూ అయితాంది తల్లీ. ముడి వదలాకు."

ఆ మాటతో ఎర్ర నీళ్ళు గోడలాగా వచ్చి పడ్డాయి. తాడు బిర్రుగా బిగిసింది. పిల్లలు మునిగారు, తేలారు, మళ్ళీ మునిగారు. చెన్నికి వీపు మీద అవ్వ అరచెయ్యి తెలుస్తూనే ఉంది. తోస్తూనే ఉంది. తర్వాత తెలియలేదు.

తాడంతా గట్టెక్కింది. తల్లులు ఏడుస్తూ చూసుకున్నారు. ప్రతి ముడిలోనూ ఒక చెయ్యి ఉంది. ప్రతి చేతికీ ఒక బిడ్డ ఉంది. చెన్ని తర్వాత తాడు తోక మాత్రం ఉత్తగా, నీళ్ళు కారుతూ వచ్చింది. అందరికీ ముడి వేసిన మనిషి తనకొక ముడి వేసుకోలేదు.

చెన్ని ఆ తోక పట్టుకుని ఏడ్చిన ఏడుపు విని, నవ్విన ఊరంతా తలలు దించుకుంది. వంకలో నీళ్ళు తగ్గాక దిగువ ఇసుకలో అవ్వ కనబడింది. పిడికిలి మూసే ఉంది. తెరిచి చూస్తే లోపల కిత్తనార పీచు. ఆమె వదల్లేదు. చెయ్యే జారింది.

మరుసటి ఏడాది వానలు పడ్డాయి. కొండ పచ్చబడింది. ఆకుల పాఠం నాటి పొద్దున చెన్ని తాడు తెచ్చింది. అయ్యవారి ముందే కింద కూర్చుని, తోకకు ఇంకొక ముడి వేసింది.

"ఇదెవరికమ్మా?" అన్నాడు అయ్యవారు.

"అవ్వకు."

ఎవరూ నవ్వలేదు.

అది మొదలు ఆ వంక పక్క ఊళ్ళలో ఇసుక పాఠం వంకలో జరగదు. ఇసుకనే గంపలతో బడి ముంగిట్లోకి తెచ్చి పోసుకుంటారు. బిడ్డ భయమంటే అక్కడ తల్లులు కసరరు. "భయపడు, ముడి వదలాకు," అంటారు. పిల్లలను బయటి పాఠానికి ఎక్కడికి తీసుకుపోయినా ముడుల తాడు ఉండాల్సిందే. తాడు చివర ఒక ముడి ఖాళీగా ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టుకోరు. కదిలే ముందు అయ్యవారు అడుగుతాడు:

"భయమైతాందా?"

"అయితాంది!"

"ముడి పట్టుకున్నారా?"

"పట్టుకున్యాం!"

"అవ్వ ముడి ఉందా?"

అప్పుడు అందరికన్నా వెనకున్న బిడ్డ తిరిగి చూసి, ఉందని చెబుతుంది. ఆ తర్వాతే మొదటి అడుగు పడుతుంది.

కథ గట్టెక్కింది. ఇక మీరు ఊఁ కొట్టడం ఆపొచ్చు.